మెట్ల మీద సంఖ్యలు

మీరు ఒక పల్లె బస్సు ఎక్కారనుకోండి. కండక్టరు టికెట్టు పదమూడు రూపాయలన్నాడు. మీ దగ్గర ఇరవై రూపాయల నోటు ఉంది. అతను మీకు ఏడు రూపాయలు తిరిగి ఇవ్వాలి. అతని సంచిలో ఐదు రూపాయల బిళ్ళ దొరికింది గాని, రెండు రూపాయలకు చిల్లర దొరకలేదు. టికెట్టు వెనుక "2" అని రాసి, "దిగేటప్పుడు అడుగు బాబూ" అన్నాడు. దిగేటప్పుడు మీకు గుర్తుండదు, ఆయనకు తీరిక ఉండదు. బస్సులో ఇలాంటివాళ్ళు యాభై మంది ఉంటే సగం ప్రయాణం చిల్లర తగాదాతోనే గడిచిపోతుంది.

ఈ తగాదా తీరాలంటే ఒక ఉపాయం ఉంది. టికెట్టు ధరలన్నిటినీ ఐదు రూపాయల గుణిజాలుగా మార్చెయ్యడమే. 2022లో తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల ఛార్జీలను ఇలాగే సవరించింది. వినడానికి చిన్న విషయమే. అయితే పదమూడును పదికి తగ్గించాలా, పదిహేనుకు పెంచాలా? పన్నెండు సంగతేమిటి? ఎవరికి లాభం, ఎవరికి నష్టం? నోటు పుస్తకాలు డజన్లలో కొనేటప్పుడూ, గంటలను పావుగంటల్లో లెక్కపెట్టేటప్పుడూ, పన్ను కట్టేటప్పుడూ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ రోజుల్లో ఇటువంటి లెక్కలన్నీ కంప్యూటరు మీద స్ప్రెడ్‌షీటులో చేస్తున్నారు. అక్కడ ఒక్క మాట టైపు చేస్తే చాలు, వేయి సంఖ్యలు ఒక్కసారిగా సవరించబడతాయి. ఆ ఒక్క మాట లోపల ఏం జరుగుతుందో, అది ఎప్పుడు మనల్ని ముంచుతుందో చూద్దాం.

దగ్గరి పదికి, దగ్గరి వందకు సంఖ్యలను సవరించడం మీరు బడిలో నేర్చుకున్నదే. 67ను దగ్గరి పదికి సవరిస్తే 70, 63ను సవరిస్తే 60. ఇక్కడ మనం చూసేది చివరి అంకెను మాత్రమే. కాబట్టి ఇది కళ్ళతో చేసే పని, లెక్కే అక్కర్లేదు. కాని "67ను దగ్గరి పన్నెండుకు సవరించు" అంటే చివరి అంకె ఏమీ చెప్పదు. అప్పుడేం చెయ్యాలి?

ఒక మెట్ల వరసను ఊహించుకోండి. ఒక్కొక్క మెట్టు ఎత్తు పన్నెండు. మొదటి మెట్టు 12 దగ్గర, రెండోది 24 దగ్గర, తర్వాత 36, 48, 60, 72. మన 67 ఏ మెట్టు మీదా లేదు. 60కీ 72కీ మధ్య గాలిలో వేలాడుతోంది. కింది మెట్టుకు ఏడు దూరం, పై మెట్టుకు ఐదు దూరం. దగ్గరిది పైదే కనుక 72. అంతే!

దీన్ని లెక్కగా మూడు అంచెల్లో చెప్పవచ్చు. మొదట సంఖ్యను మెట్టు ఎత్తుతో భాగించాలి: 67ను 12తో భాగిస్తే 5.58. అంటే మనం అయిదున్నర మెట్లు దాటి కొంచెం పైన ఉన్నామన్నమాట. తర్వాత ఆ భాగఫలాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి: 6. చివరగా మళ్ళీ మెట్టు ఎత్తుతో గుణించాలి: 6 × 12 = 72. భాగించు, సవరించు, గుణించు. మెట్టు ఎత్తు ఎంతైనా సరే ఇదే పద్ధతి. 137ను దగ్గరి 25కు సవరించాలంటే, 137 ÷ 25 = 5.48, సవరిస్తే 5, గుణిస్తే 125. మెట్టు ఎత్తు ఒకటి కన్న తక్కువైనా ఫరవాలేదు. 3.7 కిలోలను దగ్గరి అరకిలోకు సవరించాలా? 3.7 ÷ 0.5 = 7.4, సవరిస్తే 7, గుణిస్తే 3.5 కిలోలు.

భాగహారంలో దశాంశాలంటే గిట్టనివారు శేషంతో కూడా పని జరుపుకోవచ్చు. 67ను 12తో భాగిస్తే శేషం 7. శేషం మెట్టు ఎత్తులో సగం కన్న తక్కువైతే కిందికి, ఎక్కువైతే పైకి. 12లో సగం 6 గదా, 7 దానికన్న ఎక్కువ, కనుక పైకి. నిజానికి నోటి లెక్కకు ఈ పద్ధతే తేలిక.

ఇప్పుడు స్ప్రెడ్‌షీటు దగ్గరికి వద్దాం. అది అడ్డు వరసలు, నిలువు వరసలు గీసిన పెద్ద కాగితం లాంటిది. ఒక్కొక్క గడిలో ఒక సంఖ్యను గాని, "పక్క గడిలోని సంఖ్యతో ఈ పని చెయ్యి" అనే సూత్రాన్ని గాని రాయవచ్చు. సంఖ్య మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతటవే మారిపోతాయి. వ్యక్తిగత కంప్యూటర్లకు ఇటువంటి మొదటి ప్రోగ్రాం విసికాల్క్. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికన్లు దాన్ని తయారుచేశారు. 1979లో యాపిల్ 2 కంప్యూటరుకు అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు ఎక్సెల్, గూగుల్ షీట్స్, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ అందరికీ తెలిసినవే.

ఈ మూడింటిలోనూ దగ్గరి గుణిజానికి సవరించడానికి "ఎంరౌండ్" అనే మాట ఉంది. "ఎం" అంటే గుణిజానికి ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరం. సూత్రం ఇలా ఉంటుంది:

=ఎంరౌండ్(ఏ2, 5)

ఏ2 గడిలో ఉన్న సంఖ్యను ఐదు ఎత్తు మెట్లలో దగ్గరి మెట్టుకు చేర్చు అని దీని అర్థం. ఇక్కడ తెలుగులో రాశాం గాని, యంత్రం ముందు కూర్చున్నప్పుడు దీన్ని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్య ఖాళీ లేకుండా టైపు చెయ్యాలి. మొదట సమానం గుర్తు తప్పనిసరి. ఒకవేళ ఆ మాట గుర్తు రాకపోతే మన మూడు అంచెలనే సూత్రంగా రాయండి: =రౌండ్(ఏ2/5, 0)*5. ఇందులో "రౌండ్" తర్వాత వచ్చే సున్న "దశాంశ స్థానాలేవీ వద్దు" అని చెబుతుంది. రెండు సూత్రాలూ ఒకటే జవాబు ఇస్తాయి. లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది కనుక మొదట్లో రెండోదాన్నే వాడడం మంచిదని నా అభిప్రాయం.

మన బస్సుకు ఆరు ఊళ్ళున్నాయనుకుందాం. టికెట్ల ధరలు 12, 13, 17, 21, 24, 28 రూపాయలు. దగ్గరి ఐదుకు సవరిస్తే అవి 10, 15, 15, 20, 25, 30 అవుతాయి. పాత ధరలను కూడండి: 115. కొత్త ధరలను కూడండి: అదీ 115! కొందరికి రూపాయో రెండో తగ్గింది, కొందరికి పెరిగింది. మొత్తం మీద సరిపోయింది. నేనేమీ గారడీ చెయ్యలేదు. ఎందుకిలా అయిందో కాసేపట్లో తెలుస్తుంది.

స్ప్రెడ్‌షీటులో ఇంకా రెండు మాటలున్నాయి. "సీలింగ్" అంటే పైకప్పు. అది ఎప్పుడూ పై మెట్టుకే ఎక్కిస్తుంది. "ఫ్లోర్" అంటే నేల. అది ఎప్పుడూ కింది మెట్టుకే దింపుతుంది. రాసే తీరు ఒకటే: =సీలింగ్(ఏ2, 5), =ఫ్లోర్(ఏ2, 5). అవే ఆరు టికెట్లకు సీలింగ్ వాడితే 15, 15, 20, 25, 25, 30, మొత్తం 130. ఫ్లోర్ వాడితే 10, 10, 15, 20, 20, 25, మొత్తం 100. చూశారా! మొదటి పద్ధతిలో ఆరుగురు ప్రయాణికుల జేబుల్లోంచి పదిహేను రూపాయలు అదనంగా పోయాయి. రెండో పద్ధతిలో బస్సు నడిపేవారికి అంతే నష్టం. మూడు సూత్రాలూ "ఐదు గుణిజానికి సవరించేవే". ఎవరైనా "ధరలను ఐదులకు సవరించాం" అని చెప్పినప్పుడు, ఏ మాట వాడారని అడిగే హక్కు మీకుంది.

అయితే పైకి సవరించడం ఎప్పుడూ అన్యాయమని అనుకోకండి. మీ బడిలో 182 మందికి తలా ఒక నోటు పుస్తకం కావాలి. కొట్టులో పుస్తకాలను డజన్లుగానే అమ్ముతున్నారు. దగ్గరి గుణిజం ప్రకారం 182 ÷ 12 = 15.17, అంటే 15 డజన్లు, 180 పుస్తకాలు. ఇద్దరు పిల్లలు పుస్తకాలు లేకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇక్కడ సీలింగే సరైనది: 16 డజన్లు, 192 పుస్తకాలు. పది మిగిలితే మిగలనీండి, వచ్చే నెల పనికొస్తాయి.

ఇంకొక చోట కిందికి దింపడమే ప్రాణరక్షణ. ఒక పాత వంతెన 18.7 టన్నుల బరువు మాత్రమే మోస్తుందని ఇంజనీరు లెక్క కట్టాడనుకోండి. రోడ్డు పక్క బోర్డు మీద ఐదు టన్నుల గుణిజంలో రాయాలి. దగ్గరి గుణిజం 20. కాని 20 అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి! 19.5 టన్నుల లారీ నిశ్చింతగా వంతెన ఎక్కుతుంది. కాబట్టి ఫ్లోర్ వాడి 15 అని రాయాలి. దగ్గరితనం ఇక్కడ పనికిరాదు. మనం వయసు చెప్పుకునేటప్పుడు కూడా ఫ్లోరే వాడతాం సుమా! పద్నాలుగేళ్ళ పదకొండు నెలల కుర్రవాడు "నాకు పద్నాలుగు" అంటాడు గాని, దగ్గరిది గదా అని పదిహేను అనడు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. సంఖ్య సరిగ్గా రెండు మెట్ల నడుమ ఉంటే? 18ని దగ్గరి పన్నెండుకు సవరించాలి. 12కు ఆరు దూరం, 24కూ ఆరే దూరం. రెండూ సమానంగా దగ్గరే. ఎటు వెళ్ళాలో గణితం చెప్పదు. మనుషులు కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. ఎంరౌండ్ చేసుకున్న ఒప్పందం: సగం వస్తే సున్నకు దూరంగా, అంటే మామూలు సంఖ్యలకు పైకి. కనుక 18 కాస్తా 24 అవుతుంది. మన దేశంలో 2017 నాటి వస్తు సేవల పన్ను చట్టంలో 170వ సెక్షను కూడా ఇలాంటిదే: పన్నులో యాభై పైసలు గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే పూర్తి రూపాయి, తక్కువైతే వదిలెయ్యడం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 288ఎ సెక్షను ఆదాయాన్ని పది రూపాయల గుణిజానికి సవరించమంది. చివరి అంకె ఐదు ఉంటే పైకే వెళ్ళమంది.

కాని అందరూ అలా ఒప్పుకోలేదు. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. ఆ రోజు నుంచి రూపాయికి వంద నయాపైసలు. పాత నాణేలు, కొత్త నాణేలు కొన్నేళ్ళపాటు పక్కపక్కనే చెలామణీ అయ్యాయి. అణాకు సరిగ్గా 6.25 నయాపైసలు రావాలి. పావు నయాపైసా నాణెం లేదు కాబట్టి పట్టికలో అణాకు 6 అని రాశారు. మూడు అణాలకు 18.75 రావాలి, 19 రాశారు. రెండు అణాలకు? సరిగ్గా 12.5. సగం! ఇక్కడ పట్టిక కిందికి దిగి 12 అంది. ఆనాటి ఒప్పందం అది. మీ ఇంట్లో బాగా పెద్దవాళ్ళెవరైనా ఉంటే అడిగి చూడండి, ఆ పట్టికను గురించి చెబుతారేమో.

సగం సంఖ్యలను ఎప్పుడూ పైకే నెడితే వచ్చే నష్టం ఎంతో లెక్క కట్టవచ్చు. పదులకు సవరించేటప్పుడు చివరి అంకె 1, 2, 3, 4 అయితే వరసగా అంత తగ్గుతుంది. మొత్తం తగ్గుదల 10. అంకె 6, 7, 8, 9 అయితే వరసగా 4, 3, 2, 1 పెరుగుతుంది. మొత్తం పెరుగుదల 10. సరికి సరి. మిగిలింది 5. అది పైకి పోతే ఐదు అదనం, దాన్ని సరిపుచ్చే జోడు ఎదుట లేదు. పది అంకెలకు ఐదు అంటే, సగటున ఒక్కో సంఖ్యకు అర. వేయి బిల్లుల మీద అయిదు వందలు! అందుకే కొన్ని చోట్ల సగం వచ్చినప్పుడు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయేలా, భాగఫలం సరిసంఖ్య అయ్యే వైపుకు సవరిస్తారు.

ఐదులకు సవరించేటప్పుడు ఈ బెడదే లేదు. శేషం 1, 2 అయితే కిందికి. 3, 4 అయితే పైకి. తగ్గేది 1 + 2, పెరిగేది 2 + 1. ఐదులో సగం రెండున్నర. పూర్తి రూపాయల్లో ఉన్న ధరకు రెండున్నర శేషం ఎలా వస్తుంది? రాదు. మెట్టు ఎత్తు బేసి సంఖ్య అయితే పూర్ణాంకాలకు నడిమి చోటే ఉండదు. బస్సు టికెట్ల మొత్తం 115కు 115 రావడంలోని రహస్యం ఇదే. ఆరు ధరల్లో శేషాలు 2, 3, 2, 1, 4, 3. ఎక్కిన మొత్తం 5, దిగిన మొత్తం 5. ప్రతి ఆరు ధరలకూ ఇంత చక్కగా రాదు గాని, ధరలు ఎక్కువయ్యేకొద్దీ రెండు వైపులూ సరితూగడానికే మొగ్గుతాయి.

ఇంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. సవరించిన దాన్నే మళ్ళీ మళ్ళీ సవరించడం.

అణాల పట్టికకే తిరిగి వెళదాం. మీరు 1957లో కొట్టుకు వెళ్ళి అణా బిస్కట్టు కొన్నారు. 6 నయాపైసలు ఇచ్చారు. అలా నాలుగుసార్లు వేరువేరుగా కొన్నారు. ఎంత ఇచ్చారు? 24. అదే నాలుగు బిస్కట్లనూ ఒకేసారి కొంటే నాలుగణాలు, అంటే సరిగ్గా పావలా, 25 నయాపైసలు. పదహారు సార్లు వేరువేరుగా కొంటే 96 నయాపైసలతో రూపాయి సరుకు వచ్చేస్తుంది! గడుసు పిల్లలు ఈ సంగతి కనిపెట్టకుండా ఉండరు. విడివిడిగా సవరించి కూడడం వేరు, కూడిన తర్వాత సవరించడం వేరు.

రెండుసార్లు సవరించడం ఎంత తప్పో మరొక లెక్క చూడండి. 46ను దగ్గరి వందకు సవరిస్తే సున్న. సందేహం లేదు. కాని ముందు దగ్గరి పదికి సవరించి 50 చేసి, ఆ 50ని దగ్గరి వందకు సవరిస్తే? సగం కనుక పైకి, 100! స్ప్రెడ్‌షీటులో ఒక గడిలో ఒకరు, దాని పక్క గడిలో ఇంకొకరు ఎంరౌండ్ రాసినప్పుడు ఇలాగే జరుగుతుంది. చివరి గడి చూసేవాడికి వెనకాల ఏం జరిగిందో తెలియదు.

పెద్దవాళ్ళే ఈ గోతిలో పడ్డ కథ ఒకటి ఉంది. కెనడాలో వాంకూవర్ నగరపు స్టాక్ ఎక్స్చేంజి 1982 జనవరిలో ఒక సూచీని ప్రారంభించింది. వాటాల ధరలు మొత్తం మీద పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని ఒక్క సంఖ్యలో చెప్పేదే సూచీ. మొదటి విలువ 1000.000. ఒక వాటా అమ్ముడైనప్పుడల్లా కంప్యూటరు సూచీని కొద్దిగా మార్చేది. రోజుకు దాదాపు మూడు వేల సార్లు. మార్చిన ప్రతిసారీ మూడు దశాంశ స్థానాలు ఉంచుకుని, మిగిలినవి కత్తిరించేసేది. దగ్గరికి సవరించడం కాదు, వట్టి కత్తిరింపు. అంటే 0.001 మెట్టు ఎత్తుగా ఫ్లోర్ వాడడమన్నమాట. వాటాలు బాగానే అమ్ముడుపోతున్నాయి, కాని సూచీ మాత్రం నెల నెలా జారిపోతోంది. 1983 నవంబరుకు అది 524.811కు దిగింది. తీరా సరిచేసి లెక్క కడితే ఉండవలసిన విలువ 1098.892! తేడా 574.081.

ఇంత చిన్న కత్తిరింపు అంత నష్టం తెస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. కట్టి చూడండి. ఒక్కోసారి కత్తిరించేది సున్నకూ 0.001కీ మధ్య ఏదో ఒకటి, సగటున 0.0005. రోజుకు మూడు వేల సార్లంటే 1.5. నెలకు ఇరవై పనిదినాలు వేసుకుంటే 30. ఇరవై రెండు నెలలకు పోయిన 574ను నెలకు ఎంతని భాగిస్తే 26. మన ఉజ్జాయింపు లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి! ప్రతిసారీ కొత్త విలువను అంతకు ముందు కత్తిరించిన విలువ నుంచే కట్టారు కనుక నష్టం నష్టం మీద పేరుకుపోయింది. దగ్గరికి సవరించి ఉంటే ఎక్కినవీ దిగినవీ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి.

అదే కెనడా 2013 ఫిబ్రవరిలో ఒక సెంటు నాణేలను బ్యాంకులకు పంపడం ఆపేసింది. అప్పటి నుంచి నగదు చెల్లింపులను ఐదు సెంట్ల గుణిజాలకు సవరిస్తున్నారు. ఈసారి జాగ్రత్తపడ్డారు. ఒక్కొక్క వస్తువు ధరను కాదు, పన్నుతో సహా మొత్తం బిల్లును ఒక్కసారే సవరించాలి. ఒక్కోటి 1.02 డాలర్ల వస్తువులు మూడు కొంటే మొత్తం 3.06, సవరిస్తే 3.05. విడివిడిగా సవరిస్తే 1.00 చొప్పున 3.00 అయ్యేది. కార్డుతో చెల్లించేవారికి అసలు సవరణే లేదు. వాళ్ళకు చిల్లర బెడద లేదు గదా!

స్ప్రెడ్‌షీటులో మరో మాయ ఉంది. గడిలో 2.4 రాసి, దశాంశాలు కనబడకుండా చెయ్యమంటే అది 2 అని చూపిస్తుంది. ఇంకో గడిలోనూ అంతే. రెండూ కూడితే కింద 5 కనిపిస్తుంది! రెండూ రెండూ ఐదా? కాదు. యంత్రం లోపల 2.4, 2.4 అలాగే ఉన్నాయి; మొత్తం 4.8, దాన్ని 5గా చూపింది. చూపు మారింది గాని సంఖ్య మారలేదు. నిజంగా సంఖ్య మారాలంటే రౌండ్, ఎంరౌండ్ లాంటి సూత్రమే రాయాలి.

ఎంరౌండ్ కూడా ఒక చోట తడబడుతుంది. మెట్టు ఎత్తు 0.1 లాంటి దశాంశమై, సంఖ్య సరిగ్గా నడిమికి వచ్చినప్పుడు. 6.05ను 0.1కు సవరించమంటే ఎక్సెల్ 6.0 అంటుంది, 7.05ను సవరించమంటే 7.1 అంటుంది. ఒకసారి కిందికి, ఒకసారి పైకి! దాన్ని తయారుచేసినవారే తమ సహాయ పేజీలో ఈ సంగతి ఒప్పుకున్నారు. కారణం ఇది: మనం మూడో వంతును దశాంశంగా రాయబోతే 0.333... అని ఎక్కడా ఆగదు గదా. కంప్యూటరు సున్నలు, ఒకట్లతోనే సంఖ్యలను రాసుకుంటుంది. ఆ పద్ధతిలో పదో వంతు కూడా అలాగే ఎక్కడా ఆగదు. ఎక్కడో ఒకచోట తెంపక తప్పదు. తెంపిన వెంట్రుకవాసి తేడా సంఖ్యను నడిమి గీతకు ఇటో అటో తోసేస్తుంది. మందు సులువే. రూపాయలు వదిలి పైసల్లో లెక్క కట్టండి. 605 పైసలను దగ్గరి పదికి సవరిస్తే 610. 705ను సవరిస్తే 710. పూర్ణాంకాలతో ఈ తడబాటు ఉండదు.

ఋణ సంఖ్యలకు ఒక్క మాట. లడఖ్ చలిలో ఉష్ణోగ్రత −8 డిగ్రీలనుకోండి. ఎక్సెల్‌లో దాన్ని ఐదులకు సవరించాలంటే గుణిజాన్నీ −5 అనే రాయాలి. జవాబు −10 వస్తుంది. గుర్తులు ఒకటి ధనం, ఒకటి ఋణం అయితే అక్కడ ఎంరౌండ్ జవాబివ్వకుండా తప్పు చూపుతుంది.

గడియారం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. స్ప్రెడ్‌షీటు దృష్టిలో ఒక రోజు అంటే 1. మధ్యాహ్నం పన్నెండు గంటలంటే 0.5. రోజుకు 1,440 నిమిషాలు. పదిహేను నిమిషాలంటే రోజులో 96వ వంతు. కనుక సమయాన్ని దగ్గరి పావుగంటకు సవరించే సూత్రం =ఎంరౌండ్(ఏ2, 1/96). ఉదయం 9 గంటల 52 నిమిషాలు ఇస్తే 9.45 వస్తుంది, 53 నిమిషాలు ఇస్తే పది గంటలు వస్తుంది. రోజుకూలీకి పనిచేసేవారి గంటలను ఇలా సవరిస్తే, ఒక్క నిమిషం తేడాతో పావుగంట కూలి పెరగనూ వచ్చు, తరగనూ వచ్చు. ఇక్కడ ఎంరౌండ్ న్యాయమా, సీలింగ్ న్యాయమా? వచ్చిన సమయానికి ఒకటి, వెళ్ళిన సమయానికి ఒకటి వాడితే ఎలా ఉంటుంది? మీ తరగతిలో రెండు జట్లుగా విడిపోయి వాదించుకోండి.

చివరగా ఒక పొడుపు లెక్క. ఒక బుట్టలో కొన్ని మామిడిపళ్ళున్నాయి. వాటి సంఖ్యను దగ్గరి ఐదుకు సవరిస్తే 35. దగ్గరి పదికి సవరిస్తే 30. దగ్గరి నాలుగుకు సవరిస్తే 32. సగం వస్తే పైకే వెళ్ళాలన్నది ఒప్పందం. పళ్ళెన్ని? ముందు కాగితం మీద చెయ్యండి. తర్వాత స్ప్రెడ్‌షీటులో 25 నుంచి 40 దాకా సంఖ్యలను ఒక నిలువు వరసలో రాసి, పక్క మూడు వరసల్లో మూడు ఎంరౌండ్ సూత్రాలు రాసి సరిచూసుకోండి. జవాబు ఒక్కటే ఉంది.